కోడిగుడ్డూ – నా బి. యస్సీ. చదువూ

నేను బి. యస్సీ.లో పిండోత్పత్తి శాస్త్రం చదువుతున్నానని చెప్పిన రోజున మా నాయనమ్మ, ఈనె తీస్తున్న తమలపాకు వొళ్ళో పెట్టుకుని నా మొహంలోకి చూసింది.

"పిండాలు పెట్టడానికి కూడా కాలేజీలు వచ్చాయిటే? అయినా ఆడపిల్లవి, నీకెందుకే ఆ చదువు? దానికి మన పంతులుగారున్నారు గదా!" అంది.

నవ్వకండి. ఆవిడ తప్పేమీ లేదు. తల్లి కడుపులో పడ్డదీ పిండమే, పోయినవాళ్ళకు పెట్టేదీ పిండమే. మన భాషలో ఆ మాట మనిషికి ముందూ వుంది, వెనకా వుంది. నేను ముందున్న పిండాన్ని గురించి చదువుతున్నానని ఆవిడకు నచ్చచెప్పేసరికి నాకు తల ప్రాణం తోకకు వచ్చింది.

అసలు నేను ఆ చదువులో కోరి చేరలేదు. ఎంసెట్‌లో నా ర్యాంకు మెడికల్ సీటుకు ఆమడ దూరంలో ఆగిపోయింది. "పోనీలే, బి. యస్సీ. అయ్యాక బి.ఇడి. చేస్తే పంతులమ్మ వుద్యోగమైనా వస్తుంది" అని మా వాళ్ళు 2008లో నన్ను మా వూరికి దగ్గరలో వున్న కాలేజీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం వున్న గ్రూపులో చేర్పించారు. డాక్టరు కావలసినదాన్ని కప్పల సీసాల మధ్య కూర్చోవలసి వచ్చిందే అని మొదటి ఏడాదంతా ఏడుపు మొహంతోనే గడిపాను.

ఆ ఏడుపు మాన్పించింది వొక వుల్లిపాయ. జీవకణం విడిపోయి రెండు కావడాన్ని చూడాలంటే వుల్లిపాయను మించింది లేదు. దాని అడుగు నీళ్ళకు తగిలేటట్టు గాజుగొట్టం మీద కూర్చోబెడితే రెండు మూడు రోజుల్లో తెల్లటి వేళ్ళు దిగుతాయి. పొద్దున్నే వేరు కొసలు కత్తిరించి, ఆసిడ్‌లో మెత్తబరచి, ఎర్రటి రంగులో నానబెట్టి, గాజు పలక మీద పెట్టి, పైన సన్నని గాజు బిళ్ళ కప్పి, బొటనవేలితో నొక్కాలి. గట్టిగా నొక్కితే బిళ్ళ పగులుతుంది, మెల్లిగా నొక్కితే ఏమీ కనబడదు. మూడు బిళ్ళలు పగలగొట్టి అటెండరు చేత చివాట్లు తిన్న తరువాత నాలుగోదానిలో కనబడ్డాయి క్రోమోజోములు. వొక కణంలో దారపు వుండలా చిక్కుపడి వున్నాయి. పక్క కణంలో నడుమకు వచ్చి వరస కట్టాయి. మరొకదానిలో రెండు జట్లుగా విడిపోయి, కబడ్డీ ఆడేవాళ్ళలాగ చెరోవైపుకూ తగ్గుతున్నాయి. అన్నీ చచ్చిన కణాలే. కాని బొమ్మల్ని వరసగా పేర్చుకుంటే సినిమా అవుతుంది గదా! జర్మనీలో వాల్తర్ ఫ్లెమ్మింగ్ అనే ఆయన సాలమాండర్ కణాలలో ఇదే తతంగాన్ని చూసి, వోపికగా బొమ్మలు గీసి, 1882లో పుస్తకం వేశాడు.

మనిషికి క్రోమోజోములు ఎన్ని అన్న లెక్క మాత్రం పెద్దవాళ్ళకే తప్పింది. 1923లో పెయింటర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 48 అన్నాడు. 33 ఏళ్ళపాటు అందరూ ఆ 48నే నమ్మారు. 1956లో జావాలో పుట్టిన జో హిన్ జియో, స్వీడన్‌కు చెందిన ఆల్బర్ట్ లెవాన్ కలిసి సరిగ్గా లెక్కపెడితే 46 తేలాయి. ఈ సంగతి తెలిసిన నాటినుంచి నాకు నా ర్యాంకు మీద కొంత బెంగ తగ్గింది.

ఇక గుడ్డు సంగతి.

పిండం పెరగడాన్ని చూడాలంటే మనిషి పిండం దొరకదు, దొరకకూడదు కూడా. కోడిగుడ్డు చవక. 38 డిగ్రీల వెచ్చదనంలో పెడితే 21 రోజులకు పిల్ల అవుతుంది. నడుమ ఏ గంటకు ఏది పుడుతుందో పట్టికలు వున్నాయి. మాకు 24, 33, 48, 72 గంటల పిండాలు చూడాలని పాఠం. మేము నలుగురం ఆడపిల్లలం చందా వేసుకుని కిరాణా షాపులో డజను గుడ్లు కొని ఇంక్యుబేటరులో పెట్టాం. కరెంటు పోయినప్పుడల్లా వేడినీళ్ళ సీసాలు పెట్టి కాపలా కాశాం. 33 గంటలకు వొకటి పగలగొడితే పచ్చసొన తప్ప మరేమీ లేదు. రెండోదీ అంతే. డజనూ అయిపోయింది, ఇంక్యుబేటరు గదిలో వాసన మాత్రం మిగిలింది.

మా మాస్టారు అంతా విని, "ఆ ఫారంలో పుంజు వుందటమ్మా?" అన్నారు.

అనపర్తి, తణుకు వైపు కోళ్ళఫారాలు చూసిన వాళ్ళకు ఈపాటికి అర్థమై వుంటుంది. అక్కడ గుడ్లు పెట్టేవన్నీ పెట్టలే, పుంజు వుండదు. పుంజు లేని గుడ్డును వెయ్యేళ్ళు పొదిగినా పిల్ల రాదు. జంతుశాస్త్రం చదువుతున్న నలుగురికి ఈ మాత్రం తోచకపోవడం, కాలేజీ వెనక పేటలో కోళ్ళు పెంచుకునే ముసలమ్మకు వారం రోజులు వినోదమైపోయింది. చివరకు మాకు దారి చూపించిందీ ఆవిడే. "మీ పెట్టె మీద నాకు నమ్మకం లేదు. నా పొదుగుడు పెట్ట వుంది. దాని కింద పెట్టుకోండి" అంది. గుడ్లమీద పెన్సిలుతో టైము రాసి దాని కింద పెట్టాం. ఆ పెట్ట చేసే పని చూస్తే ఏ యంత్రమూ చాలదు. మాటిమాటికీ ముక్కుతో గుడ్లను దొర్లిస్తూనే వుంటుంది. అలా దొర్లించకపోతే లోపలి పిండం పెంకు పొరకు అంటుకుపోతుందని మేము పుస్తకంలో చదివాం. దానికి ఎవరు చెప్పారో!

నేను అప్పటిదాకా అనుకున్నది మరొకటి కూడా తప్పయింది. పొదగడంతో పెరుగుదల మొదలవుతుందనుకున్నాను. కాదు. గుడ్డు ఇంకా తల్లికోడి కడుపులో వుండగానే కణాలు విడిపోవడం మొదలవుతుంది. బయట పడేనాటికే లోపల వేల కణాలుంటాయి. బయటి చల్లదనానికి పని ఆగిపోతుంది. వెచ్చదనం తగిలితే ఆగిన చోటునుంచే మళ్ళీ సాగుతుంది. అందుకే కోడి పది రోజులపాటు వొక్కొక్క గుడ్డే పెట్టినా, పిల్లలన్నీ దాదాపు వొక్కరోజునే పెంకు పగలగొట్టుకు వస్తాయి.

33 గంటల గుడ్డును వెచ్చని వుప్పునీళ్ళలో పగలగొట్టాను. పచ్చసొన మీద వేలిగోరంత తెల్లటి మచ్చ. చుట్టూ కత్తిరించి, గాజు పలక మీదికి తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. తల కాబోయే చోటు వుబ్బి వుంది. వెన్ను వెంట రెండువైపులా ఇటుకలు పేర్చినట్టు చిన్నచిన్న దిమ్మలు. తలకు కాస్త కింద, పక్కకు వొంగిన గొట్టం. అది కదిలింది.

నా చెయ్యి తగిలిందేమో అనుకున్నాను. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని చూశాను. మళ్ళీ కదిలింది. ఆగింది. మళ్ళీ కొట్టుకుంది. అప్పటికింకా దానిలో పారడానికి రక్తమే లేదు. మెదడు సరిగా ఏర్పడలేదు, కాబట్టి కొట్టుకొమ్మని చెప్పేవాళ్ళూ లేరు. అయినా ఆ గొట్టం కొట్టుకుంటోంది. మనిషి పిండంలో ఇదే పని 22వ రోజు ప్రాంతంలో మొదలవుతుందిట. నేను చూస్తుండగానే అది నీళ్ళు చల్లబడి ఆగిపోయింది. ఆ రోజు నేను అన్నం తినలేదు. మెడికల్ సీటు గురించి ఏడవడం కూడా ఆ రోజే మానేశాను.

ఈ గుడ్లు పగలగొట్టే పని మాతో మొదలైంది కాదు. రెండువేల మూడువందల ఏళ్ళ క్రితం గ్రీసులో అరిస్టాటిల్ రోజుకొకటి చొప్పున గుడ్లు పగలగొట్టి చూసి రాశాడు. మన వాళ్ళూ వూరుకోలేదు. గర్భోపనిషత్తులో వొక రాత్రికి పిండం ఎలా వుంటుందో, ఏడు రాత్రులకు ఎలా వుంటుందో, నెలకు ఎలా గట్టిపడుతుందో వరసగా చెప్పారు. లెక్కలు నేటి లెక్కలతో కుదరవు గాని, వరస వుంటుంది, గడువు వుంటుంది అన్న వూహ మాత్రం వుంది. వొక్కసారిగా చిన్న మనిషి లోపల కూర్చుని లేడు, క్రమంగా తయారవుతున్నాడు అన్నమాట. ఐరోపాలో దీన్ని గురించి రెండు శతాబ్దాలు పోట్లాడుకున్నారు.

1828లో ఫాన్ బేయర్ అనే ఆయన వొక చిత్రం రాశాడు. ఆయన దగ్గర సారాయిలో వేసిన రెండు పిండాలున్నాయి. చీటీలు అంటించడం మరిచిపోయాడు. అవి బల్లివో, పిట్టవో, పాలిచ్చే జంతువువో చెప్పలేకపోయాడు. అంతటి మహానుభావుడు కూడా చీటీ అంటించడం మరిచిపోతాడని చదివినప్పుడు, మా లాబు అటెండరు మీద నాకు గౌరవం పెరిగింది.

కాని నా మనసు పట్టుకున్నది హిల్డె మాంగోల్డ్ కథ. జర్మనీలో స్పీమన్ అనే ప్రొఫెసరు దగ్గర డాక్టరేటుకు చదివిన ఆడపిల్ల. లేత రంగు న్యూట్ జాతి పిండంలోంచి, నోటి పెదవిలా వొంపు తిరిగిన వొక చిన్న ముక్కను తీసి, ముదురు రంగు జాతి పిండంలో మరొకచోట అతికించింది. మైక్రోస్కోపు కింద, గాజు సూదులతోనూ వెంట్రుక వుచ్చుతోనూ చేసే పని. యాంటిబయాటిక్సు లేని రోజులు. ఎన్నో పిండాలు కుళ్ళిపోయాయి. బతికిన కొద్దిలో రెండో వెన్ను, రెండో తల పెరగసాగాయి. అతికించిన ముక్క తానొక్కతే పెరగలేదు. చుట్టూ వున్న పరాయి కణాలకు 'మీరు వెన్ను కండి, మీరు మెదడు కండి' అని పని పంచిపెట్టింది. 1924లో ఆ వ్యాసం అచ్చయింది. అదే ఏడాది ఇంట్లో హీటరు నుంచి మంటలంటుకుని ఆమె చనిపోయింది. అప్పటికి ఆమెకు నిండా 26 ఏళ్ళు లేవు. 1935లో నోబెల్ బహుమతి స్పీమన్‌కు వచ్చింది. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే నేను హిల్డె పేరే ముందు రాస్తూ వచ్చాను. మార్కులేమీ తగ్గించలేదు.

ఇంతవరకు చదువు. ఆ చదువు మా ఇంటిదాకా వచ్చింది 2010 మే నెలలో.

మా అక్కకు తొలి కానుపు. మగపిల్లవాడు. పై పెదవి ఎడమవైపున ముక్కుదాకా చీలి వుంది. డాక్టరుగారు నోట్లో వేలు పెట్టి చూసి, అంగిలి బాగానే వుంది, పెదవి కుట్టేస్తే సరిపోతుంది అన్నారు. బిడ్డను తుడిచి తెచ్చిన నర్సు మాత్రం "గ్రహణం మొర్రి" అంది. మన భాషలో దానికి వున్న పేరే అది. పేరులోనే తీర్పు వుంది.

ఆ జనవరి 15న, పండుగ రోజుల్లోనే, సూర్యగ్రహణం పట్టింది. మిట్టమధ్యాహ్నం గ్రహణం. ఇల్లంతా తలుపులు వేసుకుని కూర్చున్నారు. ఆడపడుచు పిల్లలు ఆకలని గోల పెడితే, మా అక్క కత్తిపీట వేసుకుని ఆనపకాయ తరిగింది. అత్తగారు అప్పుడే కేకలేశారట. ఇక బిడ్డను చూశాక చెప్పాలా? "ఆ గంటసేపు వోర్చుకుంటే నా మనవడి మొహం చంద్రబింబంలా వుండేది" అని వచ్చిన ప్రతివాళ్ళతోనూ చెప్పారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. బాధ వొకచోట దించుకోవాలి గదా! మా అక్క ఎదురుచెప్పలేదు. కత్తిపీట వైపు చూడడం మానేసింది. పిల్లవాడికి పాలిచ్చేటప్పుడు మొహం అటు తిప్పుకునేది.

నేను నోట్సు తీశాను.

మీ పై పెదవి మీద, ముక్కు కింద వేలు పెట్టి చూడండి. సన్నని కాలువ తగులుతుంది. దానికి రెండువైపులా చిన్న గట్లు. మొహం అతికిన చోటు అది. పిండంలో మొహం వొక్క ముక్కగా పుట్టదు. ముక్కు వైపునుంచి కొన్ని దిమ్మలు, రెండు బుగ్గలవైపునుంచి రెండు దిమ్మలు పెరుగుతూ వచ్చి కలుసుకోవాలి. ఆ దిమ్మలలో నిండేవి అక్కడి కణాలు కావు. తల వెనుక, నాడీగొట్టం అంచున పుట్టి ముందుకు నడిచి వచ్చిన కణాలు. ఫ్రాన్సులో నికోల్ ల దువారెన్ అనే ఆమె, కోడిపిల్ల పిండంలో కవుజుపిట్ట కణాలు అతికించి వాటి ప్రయాణాన్ని పట్టుకుంది. కవుజుపిట్ట కణాన్ని మైక్రోస్కోపులో వేరుగా గుర్తుపట్టవచ్చు. 1969లో ఆమె చూపించిన కిటుకు అది. ముక్కు వైపు దిమ్మా, బుగ్గ వైపు దిమ్మా కలుసుకోకపోతే మిగిలేదే మొర్రి. మనిషిలో ఈ కలయిక ఏడో వారం ముగిసేసరికి అయిపోవాలి.

కాలెండరు తీసి లెక్క కట్టాను. బిడ్డ కడుపులో పడింది ఆగస్టు మూడో వారం. ఏడు వారాలు కలిపితే అక్టోబరు మొదటి, రెండు వారాలు. ఆ ఏడాది దీపావళి అక్టోబరు 17. గ్రహణం పట్టేనాటికి అక్కకు ఆరో నెల.

"అత్తయ్యగారూ! దీపావళికి ముందే వీడి పెదవి సంగతి తేలిపోయిందండీ. సంక్రాంతికి అక్క ఆనపకాయ తరిగినా వొకటే, తరక్కపోయినా వొకటే" అన్నాను.

"నువ్వు లోపలికెళ్ళి చూశావా, అమ్మాయ్?"

"నేను చూడలేదు గాని, చూసినవాళ్ళున్నారండీ. గర్భం పోయినప్పుడు పడిన పిండాలను పోగుచేసి, వయసులవారీగా పేర్చి, విల్హెల్మ్ హిస్ అనే ఆయన 1880 నుంచి పుస్తకాలు వేశాడు."

ఆవిడ కాసేపు ఆలోచించారు. "మరి జూలైలో పెద్ద గ్రహణం పట్టిందిగా?"

నిజమే. 2009 జూలై 22న పట్టింది. "అప్పటికి బిడ్డే లేడు గదండీ!"

"బిడ్డ లేకపోతేనేం? తల్లి వుందిగా!"

ఈ జవాబుకు ఏ పుస్తకంలోనూ సమాధానం లేదు. నేను వోడిపోయి లేచాను.

ఆ రాత్రి అక్క పక్కన పడుకున్నాను. అంతా వింటూనే వుందట. చాలాసేపటికి, "అయితే ఆనపకాయ కాదంటావ్" అంది.

"కాదక్కా."

"అయితే సెప్టెంబరులో నేనేం చేశాను?"

నా గుండె జారిపోయింది. నేను తీసేసింది వొక కత్తిపీటను. దానికి బదులు నెల రోజులు ఆవిడ చేతిలో పెట్టాను. ఆ నెలలో ఏం తిన్నదీ, ఏ బిందె ఎత్తిందీ, ఏ రాత్రి ఏడ్చిందీ వొక్కొక్కటే తవ్వుకుంటోంది.

జూన్‌లో కాలేజీ తెరవగానే మాస్టారి దగ్గరకు వెళ్ళాను. ఆయన బోర్డు దగ్గరకు పోలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. "ఆ రెండు అంచులూ కలుసుకోవడానికి వున్న గడువు కొద్ది రోజులు. కణాలు కావలసినన్ని పెరగాలి, వేళకు రావాలి, మధ్యనున్న పొర కరగాలి. వొకటి కాస్త ఆలస్యమైతే చాలు. ఈలోగా తల పెద్దదవుతుంది, అంచులు దూరమవుతాయి. సుమారు ఏడు వందల నుంచి వెయ్యి కాన్పులకు వొకటి ఇలా అవుతుంది. కొంత వంశాన్ని బట్టి, కొంత పొగతాగడం వల్ల, మూర్ఛకు వాడే కొన్ని మందుల వల్ల కూడా వస్తుంది. మీ అక్క అటువంటి మందులేమైనా వాడిందా?"

"లేదండీ."

"అయితే 'కారణం తెలియదు' అని చెప్పకు. 'నువ్వు చేసింది కాదు' అని చెప్పు. రెండూ నిజమే. ఆవిడకు రెండోది కావాలి."

తరువాతి కాన్పుకు ముందునుంచే ఫోలిక్ ఆసిడ్ బిళ్ళలు వేసుకోవాలన్నారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన బృందమే 1945లో ఆ ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ పదార్థం జాడను అంతకు ముందు, 1931లో, బొంబాయిలో గర్భిణులైన మిల్లు కూలీల రక్తహీనతకు మందు వెతుకుతూ లూసీ విల్స్ అనే డాక్టరమ్మ పట్టుకుంది. అంతకు ముందు వెన్ను లోపంతో బిడ్డను కన్న తల్లులకు గర్భానికి ముందునుంచే ఈ మందు ఇస్తే, మళ్ళీ అదే లోపం రావడం 100కి 72 వంతున తగ్గిందని 1991లో తేలింది. పెదవి విషయంలో అంత గట్టి సాక్ష్యం లేదు. వచ్చిన చిక్కల్లా, నాడీగొట్టం 28 రోజులకే మూసుకుపోతుంది. చాలామందికి కడుపుతో వున్నామని తెలిసేది ఆ తరువాతే. అందుకే ముందునుంచీ వేసుకోమనడం.

మాస్టారి మాట అక్కకు చెప్పాను. వొకసారి కాదు, ఆ నెలలో పదిసార్లు చెప్పి వుంటాను.

పెదవి కుట్టడానికి బిడ్డకు పది వారాలు నిండాలి, పది పౌన్లు బరువుండాలి, రక్తంలో హిమోగ్లోబిన్ పది వుండాలి అని సర్జన్లు వొక లెక్క పెట్టుకున్నారు. పది పౌన్లంటే నాలుగున్నర కిలోలు. ఈ సంగతి విన్ననాటినుంచి అత్తగారు మనవణ్ణి భుజాన వేసుకుని వారం వారం అంగన్‌వాడీకి వెళ్ళి తూకం వేయించారు. పావుకిలో పెరిగితే వీధి వీధికీ చెప్పారు. సెప్టెంబరులో ఆపరేషను. మందు ఇచ్చే ముందు సర్జనుగారు పెదవి మీద సిరాతో చుక్కలు పెట్టారట. ఏ చుక్క ఏ చుక్కతో కలవాలో ముందే లెక్క. గంటకు పైగా పట్టింది. వారం తరువాత కుట్లు విప్పారు. మా అక్క ఆ రోజు పిల్లవాడి మొహాన్ని తన వైపుకు తిప్పుకుని చాలాసేపు చూసింది.

2019 డిసెంబరు 26 పొద్దున మళ్ళీ సూర్యగ్రహణం పట్టింది. నేనా రోజు అక్కావాళ్ళ ఇంట్లోనే వున్నాను. మావాడికి అప్పటికి తొమ్మిదేళ్ళు. గ్రహణం కళ్ళజోడు పెట్టుకుని మేడమీద వున్నాడు. పక్కింటివాళ్ళ అమ్మాయి కాన్పుకు పుట్టింటికి వచ్చి వుంది. గోడ అవతలనుంచి, "మామ్మగారూ, నేను కాసేపు బయటికి రావచ్చాండీ?" అని అడిగింది.

"ఎన్నో నెల?" అన్నారు అత్తగారు.

"ఏడో నెలండీ."

ఆవిడ వేళ్ళమీద ఏదో లెక్క పెట్టుకున్నారు.

"ఏడో నెలా? అయితే పెదవి ఎప్పుడో అయిపోయింది. రా, ఫర్వాలేదు" అన్నారు. మళ్ళీ గుమ్మందాకా వెళ్ళి, గొంతు తగ్గించి, "కత్తిపీట మాత్రం ముట్టుకోకు" అన్నారు.